ఇంటి వాకిట్లో కారు బ్రేక్ ఆయిల్ మార్చుకోవడం: నిప్పల్ తెరవడం నుంచి రోడ్డు పరీక్ష దాకా

ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కారున్నవాళ్లు టకీమని చెబుతారు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారంటే మాత్రం "అదీ మార్చాలా?" అని ఎదురు అడిగేవాళ్లే ఎక్కువ. మార్చాలి. మన దగ్గర తిరిగే చాలా కార్ల మాన్యువల్స్‌లో దీనికి రెండేళ్ల గడువు కనిపిస్తుంది. కొన్నింటిలో కిలోమీటర్ల లెక్క కూడా ఉంటుంది. మీ కారు మాన్యువల్‌లో ఏముంటే అదే మీకు లెక్క.

పని మరీ కష్టమైంది కాదు. ఇద్దరు మనుషులు, రెండు మూడు పానాలు, ఒక పైపు, ఒక సీసా ఉంటే ఆదివారం పొద్దున మొదలుపెట్టి అన్నం వేళకు ముగించొచ్చు. కాకపోతే ఇది బ్రేక్. సగంలో ఇరుక్కుంటే కారు కదలదు, కదిలించకూడదు కూడా. అందుకే ఎలా చెయ్యాలో చెప్పడంతో పాటు, ఎక్కడి దాకా వచ్చి క్షేమంగా వెనక్కి తిరగొచ్చో కూడా చెబుతాను. మొదటిసారి చేసేవాళ్లకు ఆ రెండోదే ఎక్కువ అవసరం.

ఆయిల్‌లోకి నీళ్లు ఎలా వస్తాయి?

డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అని డబ్బాల మీద కనిపించే బ్రేక్ ఆయిల్స్ అన్నీ గ్లైకాల్ రకానివి. గాలిలోని తేమను పీల్చుకోవడం వాటి గుణం. రబ్బరు హోసుల గుండా, రిజర్వాయర్ (బానెట్ కింద బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా) మూతకుండే సన్నని గాలిదారి గుండా తేమ కొద్దికొద్దిగా లోపలికి చేరుతూనే ఉంటుంది. కారు రోడ్డు మీద తిరిగినా చేరుతుంది, షెడ్డులో కవర్ కప్పుకుని నిలబడినా చేరుతుంది. "మా బండి ఎక్కువ తిరగదు కదా" అనే మాట ఇంజిన్ ఆయిల్ విషయంలో కొంత చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు.

నీళ్లు కలిసేకొద్దీ ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక 140 డిగ్రీల దాకా తట్టుకుంటే చాలని అదే ప్రమాణం చెబుతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180.

నల్గొండ టౌన్‌లో బడికి, బజారుకు తిరిగినన్నాళ్లు ఈ తేడా తెలియనే తెలియదు. శ్రీశైలం బయల్దేరినప్పుడు తెలుస్తుంది. దేవరకొండ మీదుగా డిండి వచ్చినా, జడ్చర్ల నుంచి కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా వచ్చినా మన్ననూరు దాటాక ఒకటే దారి. దోమలపెంట, ఈగలపెంట వెనక పడి కృష్ణ వైపు దిగే మలుపుల్లో, కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాన్లు, ముందర నెమ్మదిగా దిగే బస్సు ఉంటే బ్రేక్ మీది నుంచి కాలు లేవదు. ప్యాడ్ల వేడి పిస్టన్ గుండా క్యాలిపర్‌లోని (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగంలోని) ఆయిల్‌కు పాకుతుంది. ఆయిల్‌లోని నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ఆయిల్‌ను ఎంత నొక్కినా నలగదు, అందుకే పెడల్ బలం చక్రం దాకా చేరుతుంది. ఆవిరి బుడగ నలుగుతుంది. కాలి బలమంతా దాన్ని నలపడానికే పోయి పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు.

మే నెల ఎండకు బ్రేక్ ఆయిల్ మరుగుతుందని కొందరు నమ్ముతారు. మిర్యాలగూడలో 44 డిగ్రీలు కాసినా 140కి చాలా దూరం. ఆయిల్‌ను మరిగించేది ఎండ కాదు, విడవకుండా తొక్కిన బ్రేకు. కొత్త ఆయిల్ పోసినా సరే, ఘాట్‌లో రెండో గేరులోనే దిగండి. అప్పుడు భారంలో చాలా భాగం ఇంజిన్ మోస్తుంది.

రంగు చూసి ఆయిల్ బాగుందో లేదో తేల్చొచ్చా అంటే, కొంతవరకే. కొత్తది లేత పసుపు రంగులో నీళ్లలా కనిపిస్తుంది, పాతది టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. కానీ నీరు కలిసినంత మాత్రాన రంగు మారాలని లేదు. లేతగా ఉంది కదా అని మూడో ఏడు, నాలుగో ఏడు కూడా అలాగే నడపకండి.

ఏ కారుకు ఇంట్లో చెయ్యకూడదు

హైబ్రిడ్ కార్లు, ఎలక్ట్రిక్ కార్లు సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. వాటిలో చాలావాటికి బ్రేక్ ఒత్తిడిని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నడిపే ఏర్పాటు ఉంటుంది, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ లేకుండా వాటి జోలికి పోకూడదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు లేదా బ్రేక్ లైటు ఆరకుండా వెలుగుతున్నా, పెడల్ ఇప్పటికే మెత్తగా దిగుతున్నా ముందు జబ్బేంటో తేల్చుకోవాలి. కొత్త ఆయిల్ దానికి మందు కాదు.

బానెట్ ఎత్తి రిజర్వాయర్ మట్టం కూడా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొంచెం కిందికి దిగడం మామూలే. మిన్ గీత కంటే కిందికి పోయిందంటే ప్యాడ్లయినా బాగా అరిగి ఉండాలి, ఎక్కడైనా కారుతూ అయినా ఉండాలి. చక్రాల లోపలి వైపు టార్చి వేసి చూడండి. టైరు లోపలి గోడ తడిగా, జిడ్డుగా ఉంటే ఆ చక్రం సిలిండర్ సీలు పోయిందనుకోవచ్చు. అప్పుడు ఈ పని పక్కన పెట్టి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

కావలసినవి

ముందు ఆయిల్. రిజర్వాయర్ మూత మీదే ఏ డాట్ వాడాలో రాసి ఉంటుంది. డాట్ 3 అని ఉన్న కారులో డాట్ 4 పోయొచ్చు, డాట్ 4 అడిగే కారులో డాట్ 3 పోయకూడదు. డాట్ 5 అని విడిగా ఒకటి ఉంది, అది సిలికాన్ రకం. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1కు, దానికి పొత్తు లేదు, మన కార్లలో పోయకూడదు. ఇక ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ లాంటివి పొరపాటున చెంచాడు పడినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం సిస్టం విప్పాల్సి వస్తుంది. బ్రేక్ ఆయిల్ పోసే గరాటు వేరుగా ఉంచడం మంచిది.

డబ్బా సీలు తియ్యనిదే కొనండి, తయారీ తేదీ చూడండి. పోయినసారి సగం వాడి అల్మారాలో పెట్టిన డబ్బా వద్దు, మూత బిగించి పెట్టినా సరే, ఈపాటికి అది తేమ పీల్చుకునే ఉంటుంది. చిన్న కారుకైనా లీటరు తెచ్చుకోండి. అర లీటరుతో మొదలుపెడితే చివరి చక్రం దగ్గర చెయ్యి వెనకాడుతుంది. అక్కడ పొదుపు చేస్తే చేసిన పనంతా సగం పనే. లీటరు డబ్బా ధర వందల్లోనే ఉంటుంది.

పానాల్లో 8, 10 సైజులు ఎక్కువగా పనికొస్తాయి. కొన్ని కార్లకు 7, 9 లేదా 11 పడుతుంది. రింగ్ పానాయే వాడండి. రెండు మూలల మీదే పట్టే ఓపెన్ పానాతో నిప్పల్ (ప్రతి చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదలడానికి ఉండే చిన్న బోలు బోల్టు) తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత ఏ పానా పట్టదు.

పైపు లోపల ఏముందో కనిపించాలి కాబట్టి పారదర్శకంగా ఉండాలి. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు ఇంట్లో పడి ఉంది కదా అని దాన్ని తగిలించకండి. అది లావు, నిప్పల్ మీద వదులుగా ఉండి పక్కనుంచి గాలి లాగుతుంది. బైక్ స్పేర్స్ షాపులో దొరికే సన్నని పారదర్శక పెట్రోలు పైపు అర మీటరు చాలు. నిప్పల్ మీద నెడితే బిగుతుగా కూర్చోవాలి.

ఇవి కాక ఒక ప్లాస్టిక్ సీసా, మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి, తీగల బ్రష్షు, తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే, చేతి తొడుగులు, కళ్లద్దాలు, పాత గుడ్డలు, ఒక బకెట్ నీళ్లు. నీళ్లు ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది. బాడీ మీద చుక్క పడితే గుడ్డతో రుద్దకండి, వెంటనే నీళ్లు పోసి కడిగెయ్యండి. కంట్లో పడినా అంతే, ధారగా నీళ్లతో కడుక్కుని డాక్టర్‌కు చూపించుకోవాలి.

ముందురోజు సాయంత్రం

వెనక చక్రాల నిప్పల్స్ దగ్గర మన ఎర్ర దుబ్బ, వానాకాలపు బురద గట్టిగా పట్టుకుని ఉంటాయి. బ్రష్షుతో శుభ్రం చేసి, నిప్పల్ మొదట్లో మర ఉన్నచోట స్ప్రే కొట్టి రాత్రంతా నాననివ్వండి. స్ప్రే డిస్కు మీద, ప్యాడ్ల మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. నిప్పల్ మీద రబ్బరు టోపీ ఉంటే తీసి జాగ్రత్త చెయ్యండి, అది లేకపోతే రంధ్రంలోకి దుమ్ము పోతుంది.

డిస్కు బ్రేకున్న చక్రానికి నిప్పల్ క్యాలిపర్ వెనక వైపు, పై అంచున ఉంటుంది. డ్రమ్ము బ్రేకైతే డ్రమ్ము వెనక రేకుకు, లోపలి వైపు ఉంటుంది. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కు, వెనక డ్రమ్ము.

కారును నిలబెట్టడం

వాన రోజు ఈ పని పెట్టుకోవద్దు. ఎండాకాలమైతే పొద్దున్నే, ఇంజిన్, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. వాకిలి సమతలంగా ఉండాలి. షాబాదు బండలు పరిచిన చోట జాకీ జారే ప్రమాదం ఉంది, చెల్క మట్టిలో జాకీ దిగబడుతుంది. రెండు చోట్లా కింద మందపాటి చెక్క పలక వెయ్యండి.

హ్యాండ్‌బ్రేకు చాలా కార్లలో వెనక చక్రాలకే పనిచేస్తుంది. అందువల్ల వెనక ఒక చక్రం లేపేటప్పుడు దాన్ని నమ్ముకోకుండా, ముందు చక్రాలకు ఇరువైపులా రాళ్లో చెక్క దిమ్మలో బలంగా పెట్టి, కారును మొదటి గేరులో ఉంచండి. కారు కిందికి వొంగే పని ఉంటే యాక్సిల్ స్టాండ్ తప్పనిసరి. ఒక్క జాకీ మీద ఉన్న కారు కింద ఏ అవయవమూ పెట్టొద్దు. ఇటుకలు, సిమెంటు బిళ్లలు పేర్చి వాటి మీద కారు ఆనించడం మన దగ్గర మామూలుగా కనిపిస్తుంది. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. స్టాండ్లు లేకపోతే విప్పిన టైరును, స్టెప్నీని కారు అంచు కింద పడుకోబెట్టండి.

అసలు చక్రం విప్పాలా అన్నది కూడా కారును బట్టే. ఎత్తుగా ఉండే కార్లలో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు నిప్పల్, వెనక నుంచి చెయ్యి పెడితే వెనక నిప్పల్ అందుతాయి. అందితే జాకీ జోలికే పోకండి.

నాలుగూ తెరుచుకుంటాయో లేదో ముందే తేల్చుకోండి

కొత్త డబ్బా సీలు తియ్యకముందే, రిజర్వాయర్‌ను ముట్టుకోకముందే ఈ పరీక్ష చెయ్యండి. ఒక్కో నిప్పల్‌కు రింగ్ పానా పెట్టి, ఆ పైన పైపు తొడిగి, మెల్లగా వదులు చెయ్యండి. పాత ఆయిల్ ఒకటి రెండు చుక్కలు పైపులోకి రాగానే బిగించెయ్యండి. నాలుగు చక్రాలకూ ఇదే. పెడల్ ఎవరూ తొక్కకూడదు.

నాలుగూ తెరుచుకుంటే పని మీ చేతిలో ఉన్నట్టే. ఒక్కటి మొరాయించినా తొందరపడకండి. ముందు వెంట్రుకవాసి బిగించే వైపు కదిలించి, తర్వాత వదులు వైపు తిప్పి చూడండి. మళ్లీ స్ప్రే కొట్టి, నిప్పల్ చుట్టూ చిన్న సుత్తితో మెల్లగా తట్టి అరగంట ఆగండి. అప్పటికీ రాకపోతే, లేదా పానా తిరుగుతున్నా నిప్పల్ మెత్తగా మెలితిరుగుతున్నట్టు చేతికి తెలిస్తే, అక్కడే వదిలెయ్యండి. నిప్పల్ మధ్యలో బోలుగా ఉంటుంది, బలం పెడితే పుటుక్కున విరుగుతుంది. విరిగితే క్యాలిపర్‌తో పని పడుతుంది.

వెనక్కి తిరిగే చోటు ఇదే. ఇప్పటి దాకా ఒకటి రెండు చుక్కలు తప్ప ఏమీ పోలేదు, గాలి చొరబడలేదు. నాలుగు నిప్పల్స్ బిగించి ఉన్నాయి. అదే కారు నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి పోవచ్చు. ఇది చూసుకోకుండా మూడు చక్రాలు చేసేసి నాలుగోదాని దగ్గర విరగ్గొట్టుకుంటే మెకానిక్‌నే ఇంటికి పిలవాల్సి వస్తుంది.

నిప్పల్ తెరుచుకున్నా చుక్క రాకపోతే దాని రంధ్రంలో దుమ్ము ఇరుక్కుని ఉంటుంది. మొత్తం విప్పి సన్నని తీగతో శుభ్రం చేసి వెంటనే పెట్టెయ్యండి. ఆ చక్రం బ్రేక్ లైనులోంచి గాలి తీయడం (పెడల్ తొక్కి ఆయిల్‌తో పాటు బుడగలను బయటికి పంపడం) మరికాస్త ఎక్కువసేపు చెయ్యాలి.

రిజర్వాయర్‌లోని పాతది తోడడం

మూత చుట్టూ దుమ్ము తుడిచి మూత తియ్యండి. కొన్నింటికి మూతకు సెన్సర్ వైరు ఉంటుంది, దాని క్లిప్పు ముందు ఊడదీయాలి. చుట్టూ పెయింట్ మీద తడిగుడ్డ పరచండి. సిరంజికి పైపు ముక్క తగిలించి పాత ఆయిల్ లాగండి. అడుగు కనిపించేదాకా లాగొద్దు. కింద ఉండే రంధ్రాలు బయటపడితే గాలి లోపలికి పోతుంది, కాబట్టి అడుగున కొంత వదిలి, వెంటనే కొత్తది మ్యాక్స్ దాకా పోసి మూతను బిగించకుండా ఊరికే పైన పెట్టండి. ఈ మధ్యలో ఎవరూ పెడల్ తొక్కకూడదు.

పాతది ముందే తోడెయ్యడం వల్ల లాభం ఏమిటంటే, ఆ నల్లటి ఆయిల్ పైపులన్నీ తిరిగి చక్రాల దాకా రావాల్సిన పని ఉండదు, కొత్త ఆయిల్ కూడా వృథా కాదు.

గాలి తీయడం

చక్రాల వరసకు మామూలు నియమం ఒకటుంది. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు తోసే భాగానికి) అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరి దానితో ముగించాలి. మన కార్లలో డ్రైవర్ కుడివైపు, మాస్టర్ సిలిండర్ కూడా ఎక్కువగా అటే. కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కొన్ని కార్లలో ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూలనున్న వెనక చక్రం కలిపి ఒక లైను వేస్తారు, వాటికి మాన్యువల్‌లో వేరే వరస ఇచ్చి ఉండొచ్చు. ఉంటే అదే పాటించండి.

ఇంజిన్ ఆపి, తాళం తీసి పక్కన పెట్టండి. పెడల్ ఐదారుసార్లు తొక్కితే కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పోయి పెడల్ గట్టిపడుతుంది. పాత కారైతే పెడల్ కింద ఒక చిన్న చెక్క ముక్క పెట్టండి. రోజూ పెడల్ దిగని లోతులో మాస్టర్ సిలిండర్ గోడ గరుకుగా మారి ఉంటుంది. ఇవాళ నేలదాకా తొక్కితే సీలు ఆ గరుకు మీద రాసుకుని తెగొచ్చు. బాగున్న మాస్టర్ సిలిండర్ ఇలా గాలి తీసిన మర్నాడే పాడవడానికి ఎక్కువగా ఇదే కారణం.

ఇప్పుడు పెడల్ మీద కూర్చునే మనిషి సంగతి. పానా పట్టినవాడిదే పనితనం అనుకుంటారు గానీ సగం పని అక్కడిదే. తమ్ముడో, బామ్మర్దో, ఇంటావిడో, ఎవరైనా సరే, చెప్పినప్పుడు తొక్కి, చెప్పేదాకా వదలని మనిషి కావాలి. ఫోన్ దగ్గర లేకుండా చూడండి. మాటలు ముందే ఖాయం చేసుకోండి, మూడు మాటలు చాలు:

"తొక్కు!"
"తొక్కి పట్టిన అన్నా!"
"వదులు!"

జవాబు రానిదే నిప్పల్ తెరవొద్దు. నిప్పల్ బిగించనిదే "వదులు" అనొద్దు. నిప్పల్ తెరిచి ఉండగా పెడల్ పైకి లేచిందంటే చక్రం దగ్గర నుంచి గాలి లోపలికి లాక్కుంటుంది. ఈ పనిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క క్షణంలోనివే.

సీసాలో కొంచెం కొత్త ఆయిల్ పోసి, పైపు చివర అందులో మునిగేలా పెట్టండి. నిప్పల్‌కు ముందు పానా, తర్వాత పైపు. "తొక్కు" అనండి. పెడల్ మీది మనిషి మెల్లగా, ఒకే బలంతో తొక్కి పట్టాలి, టపాటపా కొట్టకూడదు. జవాబు వచ్చాక నిప్పల్‌ను పావు చుట్టు నుంచి అర చుట్టు దాకా తెరవండి. పాత ఆయిల్ పైపులోకి తోసుకొస్తుంది, అటు పెడల్ కిందికి దిగుతుంది. ధార నెమ్మదించగానే నిప్పల్ మూసి, "వదులు" అనండి. పెడల్ పూర్తిగా పైకి వచ్చాక రెండు మూడు సెకన్లు ఆగి మళ్లీ మొదటి నుంచి.

ఐదారు తొక్కుళ్లకోసారి రిజర్వాయర్ చూసి నింపాలి. దీనికి మూడో మనిషి దొరికితే ఇంకా మంచిది, పిల్లలకైనా అప్పజెప్పొచ్చు, సగానికి రాగానే అరవమని. పోసే పని మాత్రం పెద్దవాళ్లదే. రిజర్వాయర్ ఖాళీ అయ్యి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి చేరితే పెడల్ తొక్కి దాన్ని బయటికి తేవడం చాలా కార్లలో కుదరదు, స్కానర్‌తో ఆ యూనిట్ పంపును నడిపించాల్సి ఉంటుంది. రిజర్వాయర్ ఎండనివ్వకపోతే ఏబీఎస్ ఉన్న మామూలు కారుకు కూడా ఆయిల్ ఇలాగే మార్చుకోవచ్చు.

మొదటి చక్రం దగ్గర చాలాసేపు నల్లగానే వస్తుంది, దూరపు పైపులో నిల్వ ఎక్కువ కాబట్టి. విసుగు పడొద్దు. డబ్బాలో ఉన్న రంగే పైపులో కూడా కనిపించి, ఒక్క బుడగ కూడా లేకుండా వచ్చాక ఇంకో రెండు మూడుసార్లు తొక్కించి ముగించండి. మిగతా మూడు చక్రాలు దీనికంటే తొందరగా అయిపోతాయి.

పైపులో బుడగలు ఆగకుండా వస్తుంటే అవి లోపలివి కాకపోవచ్చు. నిప్పల్ మరలో నుంచి, లేదా పైపు వదులుగా ఉన్న చోట నుంచి బయటి గాలి కలుస్తుంది. నిప్పల్‌ను ఇంకా తక్కువ తెరిచి చూడండి, పైపు చివర కొత్తగా కోసి తొడగండి.

బిగింపు దగ్గర మళ్లీ జాగ్రత్త. నిప్పల్‌కు కావలసింది చాలా తక్కువ బలం, మామూలుగా 7 నుంచి 10 న్యూటన్ మీటర్లు. మీ కారు అంకె మాన్యువల్‌లో చూడండి. టార్క్ పానా లేకపోతే రింగ్ పానాను చివర కాకుండా మధ్యలో పట్టుకుని, ఒక్క మణికట్టు బలంతో బిగిస్తే సరిపోతుంది. వీల్ నట్లు బిగించినట్టు బిగిస్తే విరుగుతుంది. బిగించాక చుట్టూ నీళ్లతో కడిగి, తుడిచి, రబ్బరు టోపీ పెట్టండి.

క్లచ్ కూడా హైడ్రాలిక్ అయితే, చాలా కార్లలో దానికీ ఇదే రిజర్వాయర్ ఆయిల్ ఇస్తుంది. బ్రేకులయ్యాక గేర్‌బాక్స్ దగ్గర ఉండే క్లచ్ నిప్పల్‌తో అదే పద్ధతి. క్లచ్ పెడల్ దానంతట అది పైకి రాకపోవచ్చు, చేత్తో లాగాలి.

ఒక్కరే ఉంటే

నిప్పల్ తెరిచి పైపు సీసాలో పెట్టి వదిలేస్తే ఆయిల్ తన బరువుకు తానే కారుతుంది. చాలా నెమ్మది, కానీ పెడల్ తొక్కే పని లేదు కాబట్టి గాలి పోయే భయం తక్కువ. రిజర్వాయర్‌ను మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. చేతి వాక్యూమ్ పంపుతో లాగడం ఇంకో దారి. ఒకవైపే తెరుచుకునే వాల్వ్ ఉన్న పైపులు కూడా దొరుకుతాయి, వాటితో ఒక్కరే తొక్కుకోవచ్చు. నన్నడిగితే మొదటిసారికి మనిషిని పిలుచుకోవడమే మేలు.

పెడల్ ఏం చెబుతుంది

రిజర్వాయర్ మ్యాక్స్ గీత దాకా నింపి మూత బిగించండి, దాటి పోయొద్దు. చక్రాలు పెట్టి కారు దించి నట్లు పూర్తిగా బిగించండి. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండానే పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి. పైననే గట్టిగా ఆగాలి. పెడల్ మీద కాలు ఉంచే ఇంజిన్ స్టార్ట్ చెయ్యండి. బూస్టర్ పనిలోకి రాగానే పెడల్ కొద్దిగా కిందికి దిగి ఆగుతుంది. అది మామూలే, కంగారు పడొద్దు.

మెత్తగా ఉండి, వరసగా తొక్కితే పైకొచ్చి గట్టిపడుతుంటే లోపల ఇంకా గాలి ఉన్నట్టు. మొదటి చక్రం నుంచి మళ్లీ ఒక విడత చెయ్యండి, ఈసారి క్యాలిపర్ మీద రబ్బరు సుత్తితో మెల్లగా తడితే అంటుకున్న బుడగలు కదులుతాయి. గాలి లేకపోయినా వెనక డ్రమ్ముల షూలు అరిగి ఎడం పెరిగితే ఇలాగే ఉంటుంది, అప్పుడు షూ సర్దుబాటు చేయించాలి. పెడల్ మీద ఒకే బలంతో అరనిమిషం కాలు ఉంచినప్పుడు మెల్లగా కుంగిపోతుంటే అది వేరే జబ్బు, ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీలు నిలవడం లేదు. ఆ కారు గేటు దాటకూడదు.

పెడల్ గట్టిగా ఉంటే వీధిలోనే మొదట నడక వేగంలో ఆపి చూడండి. తర్వాత 20, తర్వాత 40. ఒక పక్కకు లాగకూడదు. ఖాళీ రోడ్డు మీద నమ్మకం కుదిరేదాకా 65వ నంబరు హైవే మీదికో, 44 మీదికో ఎక్కకండి. తిరిగొచ్చాక నాలుగు నిప్పల్స్ దగ్గర వేలితో తడిమి చూడండి, మర్నాడు పొద్దున కారు తీసే ముందు ఇంకోసారి, కింద నేల మీద తడి ఉందేమో కూడా.

పాత ఆయిల్ మోరీలో పోయొద్దు, చెట్ల మొదట్లో పోయొద్దు. అది విషం, పిల్లలకూ పశువులకూ అందకూడదు. కూల్‌డ్రింక్ సీసాలో పట్టి ఉంటే వెంటనే దాని మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించి, పాత ఇంజిన్ ఆయిల్‌తో కలపకుండా, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇచ్చెయ్యండి. మార్చిన నెల, ఏడాది, కిలోమీటరు రీడింగ్ ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల, రిజర్వాయర్ పక్కన అతికించండి.